ఇరవై రెండో అంతస్తు దాకా

మా బాపు శివరాం ముంబైలో, ఫోర్టు ఏరియాలోని ఒక ఆఫీసు బిల్డింగులో లిఫ్ట్‌మన్. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే బిల్డింగు, అదే స్టూలు, ఇరవై రెండు అంతస్తులు. లిఫ్టులో సాబు ఉంటే దగ్గకూడదు, తుమ్మకూడదు, గోక్కోకూడదు. ఇది ఎవరూ కాగితం మీద రాసివ్వలేదు. ఉద్యోగంలో చేరిన వారానికే ఒక సాబు బాపు దగ్గు విని ఎనిమిదో అంతస్తులో దిగిపోయి, మిగతావి మెట్లెక్కి వెళ్లాడట. ఆ రోజు నుంచి దగ్గు వస్తే బాపు మనసులో అంతస్తులు లెక్కపెడతాడు. గ్రౌండ్, ఫస్ట్, సెకండ్. సాబు దిగేదాకా దగ్గును గొంతులోనే పెట్టుకుంటాడు. తలుపు మూసుకున్నాక ఖాళీ లిఫ్టులో కళ్లనీళ్లు వచ్చేలా దగ్గుతాడు.

నా చెల్లెలు దర్శనకు ఆయన చేతనైంది నేర్పాడు. ఇదే నేర్పాడు.

దర్శనకు ఏడో ఏట మొదలైంది. మొదట కళ్లు గట్టిగా మూసి తెరిచేది. కళ్లజోడు కావాలేమో అనుకున్నాం. ఏడాదికి కళ్ల సంగతి తగ్గి మెడ పట్టుకుంది. తలను కుడి భుజం వైపు ఒక్కసారిగా విదిలించేది. ఇంకో ఏడాదికి గొంతులోంచి "హేక్" అని చప్పుడు. కొన్ని నెలలు తగ్గేది. అవ్వ గల్లీలోని పోచమ్మకు మొక్కు తీర్చేది. మళ్లీ వచ్చేది.

మాది కామాటిపుర పదో గల్లీలో చాల్, పాతకాలపు అద్దె బిల్డింగు. అంతస్తుకు పద్దెనిమిది ఖోలీలు, అంటే ఒంటి గదులు, మధ్యలో చెక్క గోడలు. ఒకరి కుక్కర్ ఎన్ని విజిళ్లు వేసిందో పక్క ఖోలీవాళ్లు లెక్కపెట్టి గ్యాస్ ఆపమని కేకేస్తారు. అలాంటి చోట నిమిషానికి నాలుగుసార్లు "హేక్" అంటే ఎవరూ ఊరుకోరు. పక్క ఖోలీ రత్నాబాయి చపాతీ కర్రతో గోడ మీద కొట్టేది.

"శివరాం భావ్, నీ బిడ్డకు సైలెన్సర్ పెట్టియ్యి. మా ఆయనకు నైట్ డ్యూటీ, పగలు పండుకోనియ్యది."

దర్శన ఆరో తరగతిలో ఉండగా ఒక ఆదివారం బాపు దాన్ని తన ముందు కూర్చోబెట్టుకున్నాడు.

"చూడు బిడ్డ. గీ ఖోలీ లిఫ్టు అనుకో. సాబు ఎక్కిండు. ఇగ నీకు మెడ తిప్పాలనిపిస్తది, చప్పుడు చెయ్యాలనిపిస్తది. చెయ్యొద్దు. గ్రౌండ్ అను. ఫస్ట్ అను. మనసుల్నే. సాబు దిగినంక నీ ఇష్టం."

"సాబు ఏ మాలాకు పోతడు బాపు?"

"గది నీకెట్ల తెలుస్తది? ఆయన చెప్తనే తెలుస్తది. ఇరవై రెండు దాక తయారుండాలె."

మాలా అంటే మాకు అంతస్తే. మొదటి రోజు మూడో మాలా దాకా ఆపుకుంది. నెలకు పది. ఏడో తరగతికి వచ్చేసరికి చుట్టాలొస్తే ఇరవై రెండు అంతస్తులు పైకి, ఇరవై రెండు కిందికి ఆపుకుని, వాళ్లు మెట్లు దిగాక గోడకు తల ఆనించుకుని అరగంట విదిలించుకునేది. బాపు దాని నెత్తి నిమిరేవాడు. నేనూ మెచ్చుకునేదాన్ని. ఎవరైనా తలుపు తడితే దాని చెవిలో "సాబు" అనేదాన్ని.

సంవత్సరంలో ఒక్క రోజు మాత్రం దాన్ని ఎవరూ ఆపుకోమనేవారు కాదు. ఆషాఢంలో గల్లీ పోచమ్మకు బోనాలు. డప్పు మొదలవగానే ఆ హడావిడికి దర్శన మెడ ఆగదు, గొంతు ఆగదు. ఎనిమిదో తరగతిలో ఉన్న ఏడాది అట్లా విదిలిస్తుండగా రత్నాబాయే ముందు గుర్తుపట్టింది. చపాతీ కర్రతో గోడ కొట్టే రత్నాబాయే.

"అమ్మ వచ్చింది," అంది. "ముత్తమ్మత్తా, నీ మనుమరాలి మీదికి అమ్మ వచ్చింది."

మా అవ్వ ముత్తమ్మ ఏడ్చింది, సంతోషంతో. వాళ్ల అత్తకూ ఇట్లాగే అమ్మ పూని శిగం వచ్చేదట. ఆడవాళ్లు దర్శన ముఖానికి పసుపు పూశారు, చేతిలో వేపమండ పెట్టారు, కాళ్ల మీద పసుపునీళ్లు పోశారు. చాల్ పడగొట్టి కొత్త బిల్డింగు ఎప్పుడు కడతారో భవిష్యవాణి చెప్పమని అడిగారు. "నేను అమ్మను కాదు, దర్శనను," అని అది ఏడుస్తుంటే, అమ్మ అలిగిందని ఇంకో బిందె పోశారు. మర్నాడు పొద్దున అది "హేక్" అంటే రత్నాబాయి గోడ మీద కర్రతో కొట్టింది.

కింది అంతస్తు విక్కీ అదంతా ఫోన్లో తీసి చాల్ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. నేను వాడి ఖోలీకి వెళ్లి గొడవ చేశాను. వాడి చేత పోచమ్మ మీద ఒట్టు వేయించి తీసేయించాను. మా ఇంట్లో పది దాటింది నేనొక్కదాన్నే, డిగ్రీ చదివిందీ నేనే. ఒక వకీలు ఆఫీసులో ఫైళ్లు సర్దే ఉద్యోగం నాది. ఎవరితో ఎట్లా మాట్లాడాలో నాకు తెలుసనుకున్నాను.

తొమ్మిదో తరగతిలో దర్శనను పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది కూడా నేనే. అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ ముప్పావుగంట మాతో కూర్చుంది. దీని పేరు టూరెట్ అంది. మెదడు నుంచి కండరాలకు వెళ్లే ఆజ్ఞల్లో తేడా అని, దయ్యం కాదు, దేవత కాదు, పొగరు కాదు, పెంపకం లోపం కాదని చెప్పింది. వయసు పెరిగేకొద్దీ చాలామందికి తగ్గుతుంది, అందరికీ తగ్గుతుందని మాటివ్వలేనంది.

"తుమ్ము వచ్చే ముందు ముక్కులో ఎట్లా ఉంటుంది? దీనికి మెడలో అట్లా ఉంటుంది. కాసేపు ఆపుకోగలదు. కానీ ఆపుకున్నంతసేపు ధ్యాసంతా అక్కడే, ఇంకో పని చేయలేదు. ఆపుకున్నవన్నీ తర్వాత కలిసి వస్తాయి. ఆపమని చెప్పకండి. చూసీచూడనట్టు ఉండండి."

ఇంకో దారి కూడా నేర్పింది. మెడ విదిలించాలని అనిపించగానే గడ్డం కొంచెం కిందికి దించి, మెడ మెల్లగా బిగించి, ఆ కోరిక దాటిపోయేదాకా ముక్కుతో నిదానంగా గాలి పీల్చి వదలాలి. చప్పుడు రాబోతుంటే కూడా ఆ గాలే. ఇది బిగబట్టడం కాదు, మళ్లించడం అంది. ఒక మాత్ర రాసింది. దానితో దర్శన క్లాసులో నిద్రపోతుంటే మళ్లీ వెళ్లి తగ్గించుకున్నాం.

ఇంటికొచ్చి నేను అందరికీ పాఠంలా చెప్పాను. అమ్మ తల ఊపింది. అవ్వ వినలేదు. బాపు శ్రద్ధగా విన్నాడు.

"డాక్టరమ్మ మంచిదే," అన్నాడు. "గని ఆమె ఎన్నడు లిఫ్టుల నిలబడలే."

అయినా ఆ ఏడాదంతా సాయంత్రాలు దర్శన, నేను గడ్డం దించుకుని గాలి పీల్చుకుంటూ కూర్చునేవాళ్లం. కొంత తగ్గింది. పదో తరగతిలో బోర్డుకు ముందు బడిలోనే పెట్టే ప్రిలిమ్ పరీక్షకు వెళ్లేటప్పుడు దానికి చెప్పాను: వచ్చేది రానియ్యి, నువ్వు రాయి. అది రాసింది. మరాఠీ పేపరుకు మూడు సప్లిమెంటు కాగితాలు అదనంగా తీసుకుంది, ఎనభైకి అరవై ఏడు. మర్నాడు నలుగురు పిల్లల తల్లిదండ్రులు బడికి వచ్చి, ఆ పిల్ల చప్పుళ్లకు మా పిల్లలు రాయలేకపోయారని ఫిర్యాదు చేశారు.

హెడ్‌మిస్ట్రెస్ నన్ను పిలిచి మెత్తగానే చెప్పింది. "బోర్డు పరీక్షలో వేరే గది కావాలంటే ఆసుపత్రి కమిటీ కాగితం కావాలి. లేకపోతే అందరితో హాల్లోనే. అక్కడ గలాటా అయి బయటికి పంపిస్తే నా చేతిలో ఏమీ లేదు."

దర్శనకు కావలసింది అంతే. ఒక గది, ఒక బెంచీ.

నేను ఫైలు తయారుచేశాను. ఆధార్, రేషన్ కార్డు, బడి ఉత్తరం, డాక్టరమ్మ రాసిన చీటీలు, అన్నీ మూడేసి జిరాక్సులు, రంగు రంగు చీటీలు అంటించి. డాక్టరమ్మ చదువు పూర్తయి వేరే ఊరు వెళ్లిపోయింది. కమిటీ తనంతట తాను చూసి రాయాలన్నారు. ఫిబ్రవరిలో ఒక మంగళవారం ఇచ్చారు.

బాపు సెలవు పెట్టి వచ్చాడు. ఇస్త్రీ చేసిన లిఫ్ట్‌మన్ యూనిఫాం వేసుకున్నాడు, ఆయనకున్న మంచి బట్టలు అవే. అమ్మ దర్శనకు రెండు జడలు బిగించి అల్లింది. బెంచీల మీద మా ముందు నలభై మంది ఉన్నారు. మూడు గంటలు కూర్చున్నాం. ఫైలు నాలుగుసార్లు సరిచూశాను. ఒక్క మాట దర్శనకు చెప్పాలని మాత్రం నాకు తోచలేదు: ఇవాళ ఆపుకోవద్దని.

పేరు పిలిచారు. తలుపు తెరుచుకుంది. లోపల బల్ల వెనక ముగ్గురు డాక్టర్లు. బాపు అలవాటుకొద్దీ గోడకు ఆనుకుని, చేతులు పక్కలకు పెట్టి నిటారుగా నిలబడ్డాడు. ఆయన నోట్లోంచి మెల్లగా ఆ మాట వచ్చింది.

"సాబు."

దర్శన కుర్చీలో కూర్చుంది. మధ్యలో ఉన్న పెద్ద డాక్టరు ఫైలు తిప్పి, అడ్రసు దగ్గర ఆగాడు. "కామాటిపురా? అచ్ఛా." ఆ పేరు చెబితే ఊళ్లో అందరికీ ముందు గుర్తొచ్చేవి మా పక్క గల్లీల్లోని వేశ్యావాటికలే. తర్వాత పేరు, తరగతి, నిద్ర, తిండి అడిగాడు. దర్శన చక్కగా జవాబులు చెప్పింది. గోడ గడియారంలో పది నిమిషాలు దాటాయి. మెడ కదల్లేదు. కన్ను కొట్టుకోలేదు. చెప్పుల్లో కాలివేళ్లు ముడుచుకుని ఉండటం, మధ్య మధ్య పెదవులు కదలడం నేను చూశాను. అది ఏ అంతస్తులో ఉందో నాకు అర్థమైంది.

"సర్, అది ఆపుకుంటోంది," అన్నాను మరాఠీలో.

"ఆపుకోగలుగుతోందా?"

"కాసేపు. మీ ముందు."

"మంచిదే కదా. పరీక్షలో కూడా ఆపుకోవచ్చు."

నేను డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పబోయాను. ఆయన విన్నాడు కూడా, చెడ్డవాడు కాదు. బయట ఇంకా ఎంతోమంది కాచుకుని ఉన్నారు. "నాకు కనపడనిది ఎట్లా రాయను?" అన్నాడు.

నేను దర్శన భుజం పట్టుకున్నాను. "దర్శూ, ఆపుకోకు. వదిలెయ్. వీళ్లు చూడాలె."

అది నా ముఖం చూసింది, బాపు ముఖం చూసింది. చూపించమంటే రాదు. అది ప్రయత్నించింది. మెడ కుడి పక్కకు తిప్పి "హేక్" అంది. నాకే అది నాటకంలా కనిపించింది. డాక్టర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"వీడియో ఏదైనా ఉంటే వచ్చే మంగళవారం తీసుకురండి," అని పెద్ద డాక్టరు ఫైలు మూశాడు.

వరండాలోకి వచ్చి పది అడుగులు వేశామో లేదో అన్నీ కలిసి వచ్చాయి. దర్శన గోడ పట్టుకుని నిలబడింది. మెడ, కళ్లు, గొంతు, ఒకదాని మీద ఒకటి. నేను పరిగెత్తి వెళ్లి తలుపు కొట్టాను. అప్పటికే తర్వాతి నంబరు లోపల ఉంది. ప్యూన్ చేయి అడ్డం పెట్టాడు.

బాపు మాత్రం నెమ్మదిగా అన్నాడు: "బిడ్డ ఎంత మంచిగ కూసున్నది. ఒక్క వంక పెట్టనియ్యలే."

ఆ వారం నేను వీడియో తీయాలని చూశాను. విక్కీ గొడవ తర్వాత ఫోను పైకెత్తితే చాలు, దర్శనకు గ్రౌండ్ ఫ్లోర్ మొదలయ్యేది. పది అడుగుల ఖోలీలో దొంగచాటుగా తీయడం కుదరదు. శనివారం విక్కీ దగ్గరికి వెళ్లాను. వాడు సామాన్లు ఇళ్లకు చేర్చే బండి తుడుచుకుంటున్నాడు.

"విక్కీ, ఆ బోనాల వీడియో ఉందా?"

వాడు గుడ్డ ఆపాడు. "స్నేహల్ తాయీ, నువ్వే గద ఒట్టు పెట్టిచ్చినవ్. నా ఫోన్ల లేదు. పోచమ్మ మీద ఒట్టేసి అబద్ధమాడుతనా?"

"నిజంగా లేదా?"

"నా ఫోన్ల లేదు. గ్రూపుల ఉన్నది. రత్నాబాయి మౌసి ప్రతి ఆషాఢం మళ్ల పెడతది, దండం పెట్టే బొమ్మలేసి. నీకు కనపడదు, నిన్ను తీసేసిండ్రు కదా గ్రూపుల కెల్లి." వాడు ఫోను తీశాడు. "ఇప్పుడెందుకు గావాలె? అప్పుడైతే కేసు పెడతనన్నవ్."

"డాక్టరుకు చూపించాలె."

"అయితే ఒక్క మాట అను. విక్కీ మంచి పని చేసిండు అను."

నేను అన్నాను.

మంగళవారం పెద్ద డాక్టరు బల్ల మీద ఆ వీడియో ఆడింది. డప్పు మోత. పసుపు పూసిన ముఖం, వేపమండ, కాళ్ల దగ్గర పడి దండాలు పెడుతున్న రత్నాబాయి. మధ్యలో నా చెల్లెలు తల విదిలిస్తూ, ఏడుస్తూ. డప్పులో "హేక్" వినపడటం లేదు. డాక్టరు సగం చూసి ఫోను నా వైపు జరిపాడు.

"హే తర్ అంగాత్ యేణ ఆహే," అన్నాడు. ఇది ఒంటి మీదికి దేవత రావడం కదా అని.

కాదని చెప్పాను. వాళ్లు అట్లా అనుకున్నారు, కానీ ఇది అదే జబ్బు, చూడండి మెడ ఎప్పుడూ కుడి వైపే తిరుగుతోంది, చూడండి అని. మాట్లాడేకొద్దీ నా గొంతు పెరిగింది. ఆయన మానసిక విభాగానికి చీటీ రాసి తారీఖు వేయించాడు. ఏప్రిల్ ఇరవై రెండు. బోర్డు పరీక్షలు మార్చిలో.

మొదటి పేపరు మరాఠీ. సెంటరు ఇంకో బడిలో. బాపు, నేను గేటు దాకా వెళ్లాం. సెంటరు వాళ్లకు ఇవ్వడానికి నేనొక ఉత్తరం రాసుకొచ్చాను, పాత చీటీలు జతచేసి. గేటు దగ్గరి మాస్టరు దాన్ని చదివి మడిచి తిరిగిచ్చాడు. "బోర్డు నుంచి రావాలి. పిల్లకు నచ్చచెప్పండి. ఒక్క కంప్లయింటు వస్తే బయట కూర్చోబెడతాను."

దర్శన హాల్‌టికెట్టు ప్యాడ్‌కు పెట్టుకుని నన్ను పక్కకు లాగింది.

"అక్కా, గడ్డం దించి గాలి పీల్చుడు జరసేపే పనిచేస్తది. భయమైతే అస్సలు పనిచెయ్యది. నిజం చెప్పు. రాయాల్నా, ఆపుకోవాల్నా?"

డాక్టరమ్మ చెప్పింది మా ఇంట్లో అర్థమైంది నాకొక్కదానికే. గంట కొట్టారు.

"ఆపుకో," అన్నాను.

మూడు గంటలు గేటు బయట నిలబడ్డాం. పిల్లలంతా వచ్చేశాక అది వచ్చింది. దాని వెనకే వచ్చిన మాస్టరు బాపుతో, "ఏ ఇబ్బందీ లేదండీ, చాలా బుద్ధిమంతురాలు," అన్నాడు. బాపు ఆయనకు సలాము చేశాడు. ముప్పై ఒక్క ఏళ్లలో సాబులెవరూ ఆయనతో అంత మంచి మాట అనలేదనుకుంటాను. రోడ్డు పక్కన వడాపావ్ కొని దర్శన చేతిలో పెట్టాడు. అది తినలేకపోయింది. మెడ మొదలైంది.

ఫాక్‌లాండ్ రోడ్డు పొడుగునా అట్లాగే నడిచాం. షాపులవాళ్లు చూశారు. బాపు వడాపావ్ పొట్లం పట్టుకుని ముందు నడుస్తున్నాడు, ఆయన చెవులకు ఇంకా ఆ మాస్టరు మాటే వినపడుతున్నట్టుంది.

"ఎంత రాసినవ్ దర్శూ?" అని అడిగాను.

"మొదటి ప్రశ్న. రెండోది సగం." మెడ విదిలించింది. "ఇరవై రెండు దాక పోయి మళ్ల కిందికొచ్చిన అక్కా. మస్తు సార్లు. సాబు దిగనే లేదు."

మేం చాల్ మెట్లెక్కి ఖోలీల ముందు గ్యాలరీలోకి వచ్చేసరికి అది నిలబడలేకపోతోంది. గ్రిల్లు పట్టుకుని విదిలిస్తోంది. "హేక్" చప్పుడు చివరి ఖోలీ దాకా వెళ్తోంది. రత్నాబాయి తలుపు తీసింది. చపాతీ కర్ర తెస్తుందనుకున్నాను. చెంబుతో నీళ్లు, పసుపు తెచ్చింది. అంత గట్టిగా విదిలించడం బోనాల నాడు తప్ప ఆమె చూడలేదు.

"ఆషాఢం రాకముందే వచ్చినవా తల్లీ," అని కాళ్ల మీద పోసింది.

నేను అడ్డం వెళ్లాను. దర్శన నా చేయి తోసేసింది.

"కొత్త బిల్డింగుల మాకు ఎన్నో మాలా మీద ఇస్తరు తల్లీ? మోకాళ్లు నొస్తున్నయి, జర కిందికి ఇప్పియ్యి," అని రత్నాబాయి దండం పెట్టింది.

దర్శన ఎప్పుడూ ఏడ్చేది. నేను అమ్మను కాదనేది. ఈసారి గ్రిల్లు వదిలి రత్నాబాయి వైపు తిరిగింది. తల రెండుసార్లు విదిలించుకుని, తడి కాళ్లతో అట్లాగే నిలబడి చెప్పింది.

"ఇరవై రెండో మాలా. లిఫ్టు ఉండదు."

రత్నాబాయి చెంబు కింద పెట్టింది. తర్వాత వంగి పసుపునీళ్లు కళ్లకద్దుకుని, మెల్లగా లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. మా ఖోలీలో అవ్వకు అది వినపడి పోచమ్మ పటం ముందు దీపం వెలిగించింది.

బాపు చెప్పులు విప్పుతూ, తర్వాతి పేపరు ఎప్పుడని అడిగాడు. బుధవారమని చెప్పాను. సెలవు పెడతానన్నాడు.